పాత ఫోన్‌కి ఆయుష్షు పోసే వెబ్‌సైట్లు: యాక్సెసిబిలిటీకీ పర్యావరణానికీ లింకేంటి?

గాడ్జెట్ల గురించి రాసేవాళ్లకి చుట్టాల్లో ఒక పర్మనెంట్ ఉద్యోగం ఉంటుంది. ఎవరు ఫోన్ కొనాలన్నా మొదటి కాల్ మనకే. మొన్న వేసవిలో తెనాలి నుంచి మా మావయ్య చేశారు.

"అల్లుడూ, నా ఫోన్ పనైపోయినట్టుంది. పదిహేను వేలల్లో మంచిదొకటి చెప్పు."

"ఏమైంది మావయ్యా, కింద పడిందా?"

"పడలేదు. బస్ టికెట్ తీయబోతే డబ్బులు కట్టే దగ్గరదాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తోంది. నాలుగుసార్లు చూశా. ముసలిదైపోయిందిలే, నాలాగే."

మావయ్య రిటైర్డ్ టీచర్. ఆయనకి చూపు బాగా తక్కువ. అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకుంటారు, అదీ కష్టమైన రోజు టాక్‌బ్యాక్ ఆన్ చేసి వింటారు. ఆ ఫోన్ 2020లో నేనే కొనిపెట్టాను. 3 జీబీ ర్యామ్, ఎంట్రీ లెవెల్ ప్రాసెసర్. మామూలుగా అయితే వెంటనే రెండు మోడల్స్ పేర్లు చెప్పేసేవాణ్ని. ఆ వీకెండ్ ఎలాగూ ఊరెళ్తున్నా కదా, ఒకసారి చూసి చెబుదాం అనుకున్నా.

కాల్స్ బాగున్నాయి. వాట్సాప్ బాగుంది. యూట్యూబ్ ఆగకుండా నడిచింది. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. ఇక ఆ టికెట్ల సైట్ ఓపెన్ చేశా. ముందుగా స్క్రీన్ నిండా తనంతట తానే ఆడే వీడియో బ్యానర్. దానిమీద ఆఫర్ పాపప్. పాపప్ మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత. దానిమీద వేలు పెడితే టాక్‌బ్యాక్ లేబుల్ లేదని చెప్పి ఊరుకుంది. సీట్ల చార్టులో ఖాళీ సీటుకీ, నిండిన సీటుకీ రంగు ఒక్కటే తేడా. అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నందుకు డబ్బులు కట్టే బటన్ స్క్రీన్ బయటికి జారిపోయింది. ఎలాగో పట్టుకుని నొక్కితే ఓటీపీ వచ్చింది. మెసేజ్ చూసి వెనక్కి వచ్చేసరికి పేజీ మొత్తం మళ్లీ లోడై మొదటికొచ్చింది. ఆ పేజీ అంత మెమరీ తింటోంది కాబట్టి, మనం పక్క యాప్‌లోకి వెళ్లగానే ఆండ్రాయిడ్ దాన్ని మెమరీలోంచి తీసేసింది.

ఫోన్ చేయాల్సిన పని ఫోన్ చేస్తోంది. ఆ సైట్ కోడ్ ఎలా ఉందా అని ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశా. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ తప్పుల్లో సగం నేనూ ఆఫీసులో క్లయింట్ల సైట్లకి చేసినవే.

ఫోన్ అసలు ఖర్చు ఎక్కడుంది?

మనం రివ్యూల్లో బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూస్తాం. పర్యావరణం వైపు నుంచి చూస్తే లెక్క వేరేగా ఉంటుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే కరెంటు సుమారు 19 వాట్ అవర్లు. రోజూ సున్నా నుంచి వంద దాకా చార్జ్ చేసినా ఏడాదికి దాదాపు 7 యూనిట్లు. చార్జర్‌లో పోయేది కలిపితే ఇంకాస్త ఎక్కువ. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కేజీల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. అంటే ఏడాది వాడకానికి 5 కేజీల చిల్లర.

తయారీ సంగతి అలా కాదు. ఖనిజాలు తవ్వడం, చిప్‌లు చేయడం, డిస్‌ప్లే, అసెంబ్లింగ్... ఇవన్నీ మనం బాక్స్ తెరవకముందే అయిపోయిన ఖర్చు. ఆపిల్ తన ఐఫోన్లకి ఇచ్చే పర్యావరణ నివేదికల్లో మొత్తం ఉద్గారాల్లో సుమారు 80 శాతం తయారీ దశలోనే చూపిస్తుంది. ఒక ఫోన్ తయారీకి 50 కేజీలు అనుకుందాం. రెండేళ్లకే మార్చేస్తే ఏడాదికి 25 కేజీలు పడినట్టు. ఐదేళ్లు వాడితే 10 కేజీలే. డార్క్ మోడ్ పెట్టుకున్నా, చార్జర్ ప్లగ్ తీసేసినా ఇంత తేడా రాదు.

పాత ఫోన్ ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితి సంస్థల గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డుల్లో ఉన్నది 22.3 శాతం మాత్రమే.

కాబట్టి ఒక కంపెనీ వెబ్‌సైట్ వల్ల జనం ఫోన్లు ఒక్క ఏడాది ఎక్కువ నడిచినా అది పెద్ద పనే. అలా నడవాలంటే సైట్ ఎలా ఉండాలి? దానికి జవాబు ఎప్పుడో రాసిపెట్టి ఉంది. కాకపోతే దాన్ని పర్యావరణం కోసం రాయలేదు.

రూల్స్ రాసింది ఒకరికోసం, ఉపయోగం అందరికీ

వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 1999లో డబ్ల్యూసీఏజీ అనే గైడ్‌లైన్స్ మొదటి వెర్షన్ ఇచ్చింది. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు, చదివి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా వెబ్‌సైట్ వాడుకోగలగాలన్నది దాని లక్ష్యం. ఇప్పుడు నడుస్తున్న 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చింది. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారమే 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు. ఎండలో స్క్రీన్ కనపడనివాళ్లు, గ్లాస్ పగిలిన ఫోన్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ఈ లెక్కలో లేరు. వాళ్లకీ ఈ రూల్సే పనికొస్తాయి.

మావయ్య పడ్డ ఇబ్బందులు తీసుకుని ఈ రూల్స్‌తో ఒక్కొక్కటే పోల్చి చూశా.

తనంతట తానే ఆడే వీడియో: ఐదు సెకన్లు దాటి కదిలే దేన్నయినా ఆపుకునే వీలుండాలని రూల్. దృష్టి నిలపలేనివాళ్ల కోసం, కదలికకి కళ్లు తిరిగేవాళ్ల కోసం పెట్టింది. ఇంకాస్త ముందుకెళ్లి, యూజర్ నొక్కితేనే వీడియో లోడయ్యేలా పెట్టారనుకోండి, చూడనివాళ్ల ఫోన్‌కి ఆ ఎంబీలు రావు, డీకోడ్ చేసే పనీ ఉండదు.

బటన్లు: హెచ్‌టీఎంఎల్‌లో బటన్ అనే ట్యాగ్ ఉంది. కీబోర్డ్‌తో నొక్కడం, ఫోకస్ పడటం, ఇది బటన్ అని స్క్రీన్ రీడర్‌కి తెలియడం అన్నీ దాంతోనే వస్తాయి. మేం ఏం చేస్తామంటే, ఒక డివ్ పెట్టి, దానికి రంగేసి, బటన్‌లా పనిచేయడానికి జావాస్క్రిప్ట్ రాస్తాం. డ్రాప్‌డౌన్, డేట్ పికర్ అన్నీ ఇంతే. ఉచితంగా వచ్చేదాన్ని వదిలేసి బరువైన నకలు తయారుచేస్తాం అన్నమాట. పాత ఫోన్‌ని చంపేది ఎక్కువగా ఇదే. 200 కేబీ ఫొటో, 200 కేబీ జావాస్క్రిప్ట్ నెట్‌వర్క్‌కి ఒకటే కావచ్చు. ప్రాసెసర్‌కి ఒకటి కాదు. ఫొటోని డీకోడ్ చేసి చూపిస్తే సరిపోతుంది. జావాస్క్రిప్ట్‌ని చదవాలి, కంపైల్ చేయాలి, రన్ చేయాలి. ఫ్లాగ్‌షిప్‌లో కనురెప్పపాటులో అయ్యే పని ఎంట్రీ లెవెల్ చిప్‌లో సెకన్లు తీసుకుంటుంది.

పెద్ద అక్షరాలు: టెక్స్ట్‌ని 200 శాతానికి పెంచినా సమాచారం, బటన్లు పోకూడదు. 320 పిక్సెల్స్ వెడల్పులోనూ పక్కకి జరపకుండా చదవగలగాలి. ఈ రెండూ పాటించే లేఅవుట్ సహజంగానే చిన్న స్క్రీన్ పాత ఫోన్లో కూడా బాగుంటుంది.

ఆవగింజంత ఇంటూ గుర్తు: నొక్కే ప్రాంతం కనీసం 24 పిక్సెల్స్ పొడవు, 24 వెడల్పు ఉండాలని 2.2 వెర్షన్ కొత్తగా చేర్చింది. పొరపాటున ఆఫర్ మీద పడి అక్కర్లేని పేజీ లోడ్ కావడం తగ్గుతుంది.

ఫారాలు: ఒకసారి ఇచ్చిన వివరాలే అదే ప్రాసెస్‌లో మళ్లీ అడగకూడదని కూడా 2.2లోనే ఉంది. ఓటీపీ దగ్గర పేజీ రీలోడైనా, ఇచ్చిన వివరాలు అలాగే ఉంచితే మావయ్య నాలుగుసార్లు మొదలుపెట్టాల్సిన పనే లేదు. ఓటీపీని బ్రౌజరే తీసుకునే సదుపాయం వాడితే మెసేజ్ యాప్‌లోకి వెళ్లే అవసరం కూడా ఉండదు.

తెలుగు సైట్ల స్పెషల్ ప్రాబ్లం

ఇది మన దగ్గర చాలా ఎక్కువ. షాపులు, కాలేజీలు, రియల్ ఎస్టేట్ వాళ్ల సైట్లు చూడండి. తెలుగులో చెప్పాల్సిందంతా పోస్టర్‌లా చేయించి ఫొటోగా పెడతారు. యూనికోడ్‌లో తెలుగు రాస్తే ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకీ 3 బైట్లు పడతాయి. ఇలాంటి 2,000 గుర్తులతో ఒక పేజీ నిండా రాసినా 6 కేబీ. కంప్రెస్ చేస్తే ఇంకా తక్కువ. అదే విషయం పోస్టర్ ఫొటోగా పెడితే వందల కేబీలు.

ఇంత మోసుకొచ్చినా మావయ్యకి దాంట్లో ఏమీ దొరకదు. టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు, పెద్దది చేస్తే అక్షరాలు మసకబారతాయి. కాపీ చేసుకోలేం, ఫోన్ నంబర్ మీద నొక్కి కాల్ చేయలేం. సెర్చ్‌లో దొరకడం కూడా కష్టమే. పాత అను ఫాంట్లతో డీటీపీ చేసి పీడీఎఫ్‌గా ఎక్కించినవైతే ఇంకో రకం. కంటికి తెలుగులా కనిపిస్తాయి, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి. స్క్రీన్ రీడర్‌కి అందేదీ ఆ పిచ్చి అక్షరాలే.

పరిష్కారం పెద్దదేం కాదు. యూనికోడ్ తెలుగు టెక్స్ట్ వాడాలి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక్క చిన్న లాంగ్ యాట్రిబ్యూట్ పెట్టాలి. అది చూసి స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకి మారగలుగుతుంది. మూడు నాలుగు స్టైలిష్ తెలుగు ఫాంట్లు సర్వర్ నుంచి లాగే బదులు, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌నే వాడుకుంటే అదీ మిగులే.

ఎంబీల లెక్క దగ్గర కొంచెం జాగ్రత్త

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ పేజీ ఒకసారి తెరిస్తే ఇన్ని గ్రాముల కార్బన్ అని చెప్పే ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు బోలెడు ఉన్నాయి. వాటిలో చాలావరకు పేజీ సైజుని ఒక ఫిక్స్‌డ్ నంబర్‌తో గుణించి చెబుతాయి. కానీ సెల్ టవర్, రూటర్ మీ పేజీ వచ్చినా రాకపోయినా ఆన్‌లోనే ఉంటాయి. డేటా సగానికి తగ్గితే కరెంటు సగానికి తగ్గిపోదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిపి వాడింది సుమారు 41,500 కోట్ల యూనిట్లు, అంటే మొత్తం కరెంటులో దాదాపు 1.5 శాతం. అందులో ఒక బస్ టికెట్ల సైట్ వాటా ఎంతుంటుంది చెప్పండి?

డార్క్ మోడ్ కూడా అలాంటిదే. కొందరు లో విజన్ యూజర్లకి అది చాలా అవసరం, అందుకే ఆప్షన్ ఉండాలి. కానీ బ్యాటరీ ఆదా మనం అనుకున్నంత ఉండదు. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ 2021లో ఓలెడ్ ఫోన్ల మీద కొలిచి చూసింది. బ్రైట్‌నెస్ 100 శాతం ఉంటే సగటున 39 నుంచి 47 శాతం పవర్ ఆదా అయింది. మనం ఇంట్లో వాడే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్‌లో అయితే 3 నుంచి 9 శాతమే. ఎల్‌సీడీ స్క్రీన్‌లో బ్యాక్‌లైట్ ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి లాభం ఉండదనే అనుకోవాలి.

అందుకే నేను ఎంబీల మీద కాకుండా ఫోన్ ఆయుష్షు మీద పందెం కాస్తున్నా. పేజీ తేలికైతే సర్వర్ బిల్లు, డేటా తగ్గుతాయి, మంచిదే. అసలు మిగిలేది మాత్రం కొనకుండా ఆగిపోయిన కొత్త ఫోన్ దగ్గర.

కంపెనీలు దీన్ని ఎందుకు పట్టించుకోవాలి?

సెబీ 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్ట్ తప్పనిసరి చేసింది. అందులో ఆఫీసు భవనాలు దివ్యాంగులకి అనువుగా ఉన్నాయా అనే ప్రశ్న ఒకచోట ఉంటుంది. కరెంటు వాడకం, ఉద్గారాలు ఇంకోచోట ఉంటాయి. చాలా కంపెనీల్లో ఈ రెండు పనులకీ రెండు టీములు. వెబ్‌సైట్ మూడో టీమ్‌ది. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటే ఒకే పనితో రెండు లెక్కలూ తేలతాయని తెలుస్తుంది.

చట్టం కూడా దగ్గరికొచ్చేసింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఎలాగూ ఉంది. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ కేవైసీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి క్లయింట్లకి సైట్లు చేసే హైదరాబాద్ టీములకి ఇది నేరుగా తగిలే విషయం.

అయినా పరిస్థితి ఎలా ఉందో చూడండి. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా 10 లక్షల హోమ్‌పేజీలని ఆటోమేటిక్‌గా పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో డబ్ల్యూసీఏజీ తప్పులు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా, 79.1 శాతం పేజీల్లో, కనిపించిన తప్పు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయే అక్షరాలు. మామూలు అక్షరాలకి కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. అది సరిచేయడానికి కావాల్సింది ఒక రంగు కోడ్ మార్చడమే.

ఒక షార్ట్‌కట్ గురించి కూడా చెప్పాలి. సైట్ మూలన వీల్‌చైర్ గుర్తు పెట్టి, ఒక్క లైన్ కోడ్‌తో అంతా యాక్సెసిబుల్ చేసేస్తామని అమ్మే విడ్జెట్లుంటాయి. లోపలి తప్పులు లోపలే ఉంటాయి, పైన ఇంకో జావాస్క్రిప్ట్ బరువు పడుతుంది. ఇలాంటి ప్రచారం చేసిన ఒక కంపెనీ మీద అమెరికా ఎఫ్‌టీసీ 2025లో చర్య తీసుకుంది. 10 లక్షల డాలర్లు కట్టించింది. కాబట్టి అటు వెళ్లొద్దు.

ఐదు నిమిషాల్లో మీరే టెస్ట్ చేయండి

మీరు సైట్ చేసేవాళ్లయినా, వాడేవాళ్లయినా ఇవి చేసి చూడండి. దేనికీ డబ్బు అక్కర్లేదు.

1. ఇంట్లో డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్ తీసి ఆ సైట్ ఓపెన్ చేయండి. ఏదైనా కొనే దాకా వెళ్లండి.
2. సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజ్, డిస్‌ప్లే సైజ్ రెండూ ఫుల్‌గా పెంచండి. బటన్లన్నీ కనిపిస్తున్నాయా?
3. టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్లు మూసుకోండి. మొదటిసారి చిరాకొస్తుంది, ఓపిక పట్టండి.
4. ల్యాప్‌టాప్‌లో మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే పని పూర్తిచేయండి.
5. స్క్రీన్‌ని గ్రేస్కేల్‌లో పెట్టండి. రంగు లేకపోయినా ఏది ఏదో తెలుస్తోందా?
6. క్రోమ్‌లోని లైట్‌హౌస్ రన్ చేసి పర్ఫార్మెన్స్, యాక్సెసిబిలిటీ రెండు స్కోర్లూ పక్కపక్కనే చూడండి. యాక్సెసిబిలిటీలో 100 వచ్చినా అన్నీ బాగున్నట్టు కాదు, మెషిన్ పట్టుకోగలిగినవి బాగున్నట్టు. అందుకే పై ఐదూ ముందు పెట్టాను.

చివరికి ఏమైంది?

తిరిగొచ్చాక ఆఫీసులో మా ప్రాజెక్ట్ గురించి కదిపాను. "స్క్రీన్ రీడర్ యూజర్లు ఎంతమంది ఉంటారు?" అన్నారు మా మేనేజర్. నంబర్లతో వాదించలేదు. తర్వాతి డెమో నా ల్యాప్‌టాప్‌లో కాకుండా 3 జీబీ ఫోన్‌లో, పెద్ద అక్షరాలతో ఇచ్చాను. మేం చేసిన హోమ్‌పేజీ తెరుచుకునేదాకా గదిలో ఎవరూ మాట్లాడలేదు. వీడియో బ్యానర్ పోయింది. నేను రాసిన డేట్ పికర్ తీసేసి బ్రౌజర్ ఇచ్చేదే పెట్టాను. చెకౌట్ ఫారం మాత్రం ఇంకా వచ్చే క్వార్టర్‌లోనే ఉంది.

మావయ్య కొత్త ఫోన్ కొనలేదు. తెనాలిలోనే బ్యాటరీ మార్పించాను, ఫోన్ హాయిగా నడుస్తోంది. ఆ టికెట్ల సైట్ అలాగే ఉంది. ఇప్పుడు ఆయన టికెట్లు హైదరాబాద్ నుంచి నేనే తీసి వాట్సాప్‌లో పంపుతున్నా. ఆయనకి నచ్చనిది అదే. "నా టికెట్ నేను తీసుకోవడానికి నీకు ఫోన్ చేయాలా?" అంటారు ప్రతిసారీ.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఫోన్ పాతబడిందంటే, కొత్త మోడల్ పేరు చెప్పే ముందు ఏ సైట్ దగ్గర ఆగిపోయిందో అడగండి.